శుక్రవారం పంచర్లు

చోడవరంలో సత్యారావు మావయ్య సైకిల్ షాపు. శుక్రవారం, మధ్యాహ్నం రెండు కావస్తోంది. సైకిలు మా అమ్మది. మొదట మాట్లాడుతున్నది నేను, ఆస్టిన్.

"...అందుకే చెప్తన్నాను మావయ్యా, ఈ సైకిలుకి నేను చేసినంత సేవ లోకంలో ఏ కొడుకూ తల్లికి కూడా చేసుండడు. పొద్దున్న లేవగానే దీని ముఖం చూసేకే నా ముఖం కడుక్కుంటాను. రోజూ నూనె."

"రోజూ నూనేస్తన్నావా?"

"తప్పకుండా."

"ఎక్కడేస్తన్నావు?"

"సీటుకి."

"సీటుకెందుకురా నూనె?"

"కీచుమంటంది కదా."

"కీచుమంటంది సీటు కాదు, పెడలు. ఈ చైను సూడు, ఎండుచేపలా ఉంది. నూనె సుక్క తగిలి ఏడాదయ్యుంటాది."

"అది ఉపవాసంలో ఉంది మావయ్యా. క్రిస్టియన్ సైకిలు కదా."

"సర్లే. ఏటి పని మీదొచ్చేవు, అది సెప్పు."

"సంఘం పెద్దలు నిన్నడగమన్నారు. అమ్మ చర్చి పని మీద ఊళ్ళు తిరుగుతాది కదా, ఆవిడకి సుఖంగా ఉండాలని. దీనికే బ్యాటరీ కిట్టు బిగించడమా, లేపోతే దీన్ని పాత ఇనుముకి పంపించి కొత్త బ్యాటరీ సైకిలు కొనడమా. ఏదైనా సత్యారావు మాటే ఫైనలన్నారు. నువ్వు పెద్దగా కష్టపడక్కర్లేదు. 'కొత్తది' అను, చాలు."

"ఎందుకనాలి?"

"దీని బ్రేకు చూసేవా? గోవాడలో ఆగాలంటే చోడవరంలో నొక్కాలి."

"బ్రేకు కట్టలు మారిస్తే సరి."

"హ్యాండిలు ఎడం వేపు లాగుతాది. అమ్మ దేవరాపల్లి బయల్దేరితే రోలుగుంటలో తేలింది మొన్న."

"హ్యాండిలు బిగిస్తే సరి. ఒరే, ఫ్రేము రాయిరా ఇది. కిట్టేసినా ఆగుతాది, నీ మనవడు తొక్కినా ఆగుతాది. ఇప్పుడీ ఫ్రేములు రావు."

"అయ్యో, మనవడి దాకా వెళ్ళకు మావయ్యా. నా సంగతి చూడు ముందు."

"అదీ. తొక్కేది మీ అమ్మా, నువ్వా?"

"అమ్మే. పొద్దున్నా అమ్మే, మధ్యాహ్నమూ అమ్మే. సాయంత్రం అది ఒక్కర్తీ బెంగెట్టుకుంటాదని నేను కాస్త తిప్పుతాను."

"ఎక్కడ తిప్పుతావు?"

"ఎక్కడైతే ఏటి. బస్టాండు దాకా. ట్యూషన్ సందులోంచి."

"ట్యూషన్ సందులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఝాన్సీ ఉంటాది గానీ అది లెక్కలోకి రాదు."

"దానికి కొత్త సైకిలొస్తందని సెప్పేసేవా?"

"నేను చెప్పలేదు. అదే అడిగింది. అవునన్నాను. గేర్లున్నాయా అంది. ఐదన్నాను. ముఖం పెద్దగా వెలగలేదు. ఇరవై ఒకటన్నాను."

"మరింకేటి. ఇటు రా."

"ఎందుకు?"

"రమ్మంటే రా. టైరిప్పేను. ఈ ట్యూబు మీద అతుకులెన్నున్నాయో లెక్కెట్టు."

"నాలుగు."

"ఎవరేసేరు?"

"నువ్వే. ఎంత బాగున్నాయి మావయ్యా! కొలిచి కోసినట్టున్నాయి."

"ఎక్కడున్నాయి?"

"ట్యూబు మీద."

"ట్యూబు మీద ఎక్కడా అంటన్నాను. చెయ్యెట్టి సూడు. నాలుగూ జానెడు లోపలే. నాలుగూ ఒకే పక్క. టైరుకి ముల్లెక్కడ గుచ్చుకుంటాదిరా?"

"అది ముల్లు ఇష్టం."

"ముల్లు రోడ్డు మీదుంటాది. రోడ్డు తగిలేది టైరు నడిమికి. నీ బెజ్జాలు నాలుగూ పక్కనున్నాయి. రోడ్డు ఎప్పుడైనా పక్కనుంచొచ్చి పొడుస్తాదా?"

"గోవాడ రోడ్డు మామూలు రోడ్డు కాదు మావయ్యా. చెరుకు బళ్ళు తిరిగి తిరిగి దానికి బుర్ర చెడిపోయింది. ఎటైనా లేస్తాది."

"ఓహో."

"పిచికలు కూడా అయ్యుండొచ్చు. ఈ మధ్య పిచికలు చాలా కోపంగా ఉన్నాయి."

"పిచిక పిన్నీసట్టుకు తిరుగుతాదా?"

"పిన్నీసని ఎవరన్నారు?"

"నేనంటన్నాను. మేకు దిగితే ఇంత బెజ్జం. తుమ్మ ముల్లైతే ఇలా చీరుకుపోతాది. నలభై ఏళ్ళయి బెజ్జాలే సూస్తన్నాను నేను. ఇది పిన్నీసు. నీ సొక్కాకి బొత్తం ఏదిరా?"

"ఊడిపోయింది."

"అక్కడేటెట్టేవు?"

"...ఇది ఫ్యాషను."

"ఒరే ఆస్టిన్."

"ఊఁ."

"నా కళ్ళలోకి సూడు."

"చూస్తన్నాను. ఎడం కంట్లో పొర కడతన్నట్టుంది, అనకాపల్లిలో చూపించు..."

"ఆస్టిన్!"

"ఒక్కసారే మావయ్యా."

"నాలుగతుకులున్నాయి."

"ఒక్కసారే. నాలుగు సార్లు."

"రెండుసార్లు ముల్లే అనుకున్నాను. మూడోసారి అనుమానమొచ్చింది. నాలుగోసారి, పోయిన శనివారం, మీ అమ్మ ట్యూబు తెచ్చి ఇచ్చినప్పుడు తెల్సిపోయింది. ఆవిడ ముఖం సూసి నోరు మూసుకున్నాను. ఎందుకు సేసేవురా?"

"వారం వారం పంచరైతే, ఇంక లాభం లేదని కొత్తది కొంటారు కదా."

"శుక్రవారమే ఎందుకు?"

"మిగతా రోజులు నేను లేచేసరికే అమ్మ వెళ్ళిపోతాది. శుక్రవారం ఒక్కరోజే అన్నం తిని బయల్దేరతాది. ఆవిడ తినేటప్పుడు నాకు పది నిముషాలు దొరుకుతాది."

"దొంగపనికి కూడా టైంటేబులుందన్నమాట."

"పెద్ద బెజ్జం చెయ్యలేదు మావయ్యా. గాలి మెల్లగా పోయేలాగే చేసేను. పడిపోకుండా. ఎంతైనా తల్లి కదా."

"ఆహా. ఎంత ప్రేమ! ఎండలో గోవాడ మలుపు కాడ్నించి సైకిలు నడిపించుకొచ్చిందిరా ఆ తల్లి."

"అది కొంచెం లెక్క తప్పింది. ఎవరైనా ఆటో ఎక్కించుకుంటారనుకున్నాను."

"సరే, అది సెప్పు. మీ అమ్మ శుక్రవారం ఎక్కడికెల్తాదో తెల్సా నీకు?"

"గోవాడ దాటేక ఏదో పేట ఉంది కదా. అక్కడికి. ప్రార్థనకి."

"ప్రార్థనకా. మా అక్క ఆ పేటలోనే ఉంటాది. నిన్నొచ్చింది. అక్కడ సన్యాసమ్మని ఒక ముసిల్దుంది. షుగరు. కాలు పుండు పడిపోయింది. కోడలు కూడా అన్నం గిన్నె గుమ్మంలోంచి తోసి ఎల్లిపోతాది, వాసన పడలేక. మీ అమ్మొక్కర్తే ఆ కాలు ఒళ్ళో ఎట్టుకుని, కడిగి, మందేసి, కట్టు కడతాది."

"అమ్మా? మాకెప్పుడూ చెప్పలేదు."

"సెప్పదు. ప్రార్థన సేస్తానంటే కూడా ఒప్పుకోదంట ముసిల్ది. 'నీ దేవుడి సంగతి తర్వాత, ముందు కాలు కడుగు' అంటాదంట."

"...ఇప్పుడెలా ఉందంట?"

"ఎలా ఉంటాది? నెల దాటింది కట్టు మార్చి. శుక్రవారమైతే అన్నం తిన్న కాడ్నించి అరుగు మీదే కూకుంటాదంట. వేపాకేసి నీళ్ళు కాసెట్టుకుంటాది. అవి సల్లారిపోతాయి. మళ్ళీ కాస్తాది. 'ఇంకేం వస్తాది లేవే' అందంట మా అక్క. 'సైకిలు కదా, ఆలస్యమవుద్ది' అందంట ముసిల్ది."

"మావయ్యా, నాకు పనుంది. వెళ్తాను."

"కూకో."

"నిజంగానే పనుంది. చాలా పెద్ద పని. కలెక్టరు రమ్మన్నాడు."

"కూకోమన్నాను. మీ అమ్మ ఇక్కడికే వస్తంది. ఫోన్ సేసింది. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"నువ్వు చెప్పు. నీ గొంతు బాగుంటాది."

"ఒరే!"

"లేపోతే ఇద్దరం చెప్పొద్దు మావయ్యా. ఒక్క మాట విను. ఇప్పుడే కొత్త ట్యూబు వేసెయ్. నేను పిన్నీసు పారేస్తాను. ఇదిగో, పారేసేను. అమ్మ వెళ్తాది, ముసలమ్మకి కట్టు కడతాది. ఝాన్సీకి పాత సైకిలే చూపించి, ఇది రాజులు తొక్కింది, మ్యూజియం వాళ్ళు అడుగుతన్నారు అంటాను. అందరూ సుఖంగా ఉంటారు. ఎవరికి నష్టం? ఆలోచించు. నిజం చెప్తే కాలు నయమవుతాదా? కట్టు కడితే నయమవుతాది."

"అదీ నిజమే. మీ అమ్మ ఎల్తే నాకు సాలు. సరే, సెప్పన్లే. కానీ ఇంకో బెజ్జం కనిపించిందా..."

"కనిపిస్తే నన్నే ట్యూబు చేసి బిగించెయ్."

"అదిగో, వస్తంది. ఎండలో నడిచొస్తంది సూడు. రా సెల్లెమ్మా, రా. ఈ బల్ల మీద కూకో. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దన్నయ్యా. వీడు నిన్ను విసిగించలేదు కదా?"

"లేదు. చాలా మంచి మాటలు సెప్తన్నాడు. సైకిలుకి రోజూ నూనేస్తాడంట."

"అమ్మా, నువ్వు కూచో. మావయ్య కొత్త ట్యూబేస్తన్నాడు. పది నిముషాల్లో నువ్వు బయల్దేరిపోవచ్చు. ఈసారి గాలి పోదు. నేను హామీ."

"నువ్వేటి హామీ, గాలికి? వద్దన్నయ్యా, ట్యూబు వద్దు."

"అదేటి సెల్లెమ్మా?"

"ట్యూబూ వద్దు, కిట్టూ వద్దు, కొత్తదీ వద్దు. సంఘం వాళ్ళకి నేను చెప్పుకుంటాను. దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని వచ్చేను. అవసరమున్నవాళ్ళెవరైనా ఉంటే చూడు."

"ఇచ్చెయ్యడమా? మరి నీకో?"

"నాకింక అక్కర్లేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి చెప్పేస్తాను. ఊళ్ళు తిరిగే పనికి ఇంకెవరినైనా చూసుకోండి, నన్ను ప్రభువు వద్దంటన్నాడు అని."

"ఎప్పుడన్నాడు?"

"శుక్రవారం శుక్రవారం అంటానే ఉన్నాడన్నయ్యా. మిగతా రోజులు ఎంత కంకర మీద తొక్కుతాను, ఎన్ని ముళ్ళ మీద తొక్కుతాను. ఒక్కసారి గాలి పోదు. శుక్రవారం సన్యాసమ్మ ఇంటికి బయల్దేరితే మాత్రం గోవాడ మలుపు దాటనివ్వడు. ఒక్కసారైతే ముల్లనుకుంటాం. వారం వారమైతే అది ముల్లు కాదు. అది మాట."

"ఒరే అల్లుడూ, ఇన్నావా?"

"విన్నాను మావయ్యా. అమ్మా, సైన్సు ప్రకారం శుక్రవారం గాలి పల్చగా ఉంటాది. పుస్తకంలో ఉంది."

"నువ్వూరుకో. ఎందుకు వద్దంటన్నాడో కూడా నాకు తెల్సన్నయ్యా."

"ఎందుకు?"

"నా మనసు బాగోలేదు."

"నీ మనసా! నీ మనసు బాగోకపోతే ఇంక చోడవరంలో ఎవరిది బాగున్నట్టు?"

"నీకు తెల్దు. ఆ కాలు కడిగి ఇంటికొచ్చి, సబ్బెట్టి ఎంత రుద్దుకున్నా ఆ వాసన పోదు. అన్నం ముద్ద నోటి దాకా వస్తే అదే. ఒకరోజు అన్నం కలుపుతా అనుకున్నాను, ఈ ఒక్క వారం వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుణ్ణో అని. సేవకని బయల్దేరిన మనిషి అనుకోవలసిన మాటా అది?"

"అనుకుంటే తప్పేటి? మనిషన్నాక అనుకోడా?"

"అనుకోడంతో ఆగితే..."

"ఆగితే?"

"ఏం లేదు. ఆ తర్వాత్నించే ఇది మొదలు. నీకు రావాలని లేదు కదా, అయితే రాకు అంటన్నాడు. నా మాటే నాకు తిప్పి అంటన్నాడు."

"అమ్మా, అలా అనడమ్మా ఆయన. ఆయనకి అంత టైం ఎక్కడిది?"

"నువ్వు నోరు మూస్తావా? నేను బతిమాలుకున్నానన్నయ్యా. తప్పయిపోయింది, వెళ్తాను, ఈ ఒక్కసారి వెళ్ళనియ్యి అని. గురువారాలు ఉపవాసమున్నాను."

"గురువారం నువ్వు అన్నం తిననిది అందుకా? నాన్న గ్యాసన్నాడు!"

"నాన్నకి నేనే అలా చెప్పేను. పొద్దున్నించి సాయంత్రం దాకా మంచినీళ్ళతో ఉండి, మర్నాడు బయల్దేరేదాన్ని. ఈసారి క్షమించేడేమో అని. మళ్ళీ అదే మలుపు. మళ్ళీ చక్రం కూచుండిపోయేది."

"ఆటోలో ఎల్లొచ్చు కదా సెల్లెమ్మా?"

"నడిచి కూడా వెళ్ళొచ్చన్నయ్యా. కాళ్ళున్నాయి కదా. అదే నా భయం. గాలి పోయిందని తెలిసినప్పుడు లోపలెక్కడో హాయిగా ఉండేది నాకు. ఇంటి వేపు తిరిగేక ఏడుపొచ్చేది. అలాంటి దాన్ని సైకిలెక్కించి పంపించి ఏటి లాభం? పాతదైనా కొత్తదైనా ఒకటే."

"అల్లుడూ."

"ఆఁ మావయ్యా."

"నీకేదో సెప్పాలనుంది కదా మీ అమ్మకి?"

"లేదే."

"ఉంది."

"ఆఁ, ఉంది. అమ్మా, టైరుకి కూడా బీపీ ఉంటాదని విన్నావా? మొన్న పేపర్లో..."

"వీడికేటైంది? ముఖమంతా అలా చెమట పట్టింది?"

"ఎండమ్మా."

"షాపులో నీడన కూచున్నావు, ఎండేటి?"

"నీ ఎండే. నువ్వు తెచ్చింది."

"ఆస్టిన్, ఏటి? పరీక్ష పోయిందా?"

"అది మామూలుగా పోయింది. అమ్మా, నువ్వు కొంచెం అటు జరుగు. ఆ పంపు దగ్గర కూచోకు. చేతికందేలా ఉంది."

"పంపుతో ఏటి?"

"ఏం లేదు. అమ్మా, ఒక గుంటడున్నాడనుకో."

"ఏ గుంటడు?"

"ఎవడో ఒకడు. మంచోడే. చూడ్డానికి కూడా బాగుంటాడు. అందరికీ సాయం చేస్తాడు. పక్క వీధిలో కుక్కలు కూడా వాణ్ణి చూసి లేచి నుంచుంటాయి..."

"సంగతి చెప్పు."

"ఆ గుంటడు, వాళ్ళమ్మ అన్నం తింటన్నప్పుడు, ఊరికే, వేరే పనేం లేక, పెరట్లోకి వెళ్ళి..."

"ఊఁ?"

"సైకిలు దగ్గర కూచుని, వెనక చక్రానికి..."

"ఆ గుంటడికి పేరుందా?"

"ఉంది. నువ్వే పెట్టేవు. అమ్మా, దేవుడు కాదమ్మా. ఆయన ఒక్కసారి కూడా ఏం అన్లేదు. పిన్నీసు. నేను. శుక్రవారం ఒక్కరోజే నువ్వు లేటుగా వెళ్తావని శుక్రవారం. అంతే తప్ప ఇందులో ఏ మాటా లేదు. కొత్త సైకిలొస్తాదని చేసేను. ముసలమ్మ సంగతి నాకు తెల్దు. నీ గురువారాల సంగతి తెల్దు. తెలిస్తే ఆ పిన్నీసు మింగేసేవాణ్ణి. అమ్మా, చెవి! చెవి ఊడొస్తాది! మావయ్యా, చెప్పు!"

"నన్నడక్కు. రెండో సెవి కూడా ఉంది నీకు."

"నువ్వు చేసేవా? నువ్వా?"

"నేనే. నేనే. కొంచెం మెల్లగా."

"నేను మోకాళ్ళ మీద కూచుని ఆయన కాళ్ళట్టుకున్నాన్రా! నువ్వు పక్క గదిలో ఫోన్ చూసుకుంటన్నావు!"

"చూసుకుంటన్నాను."

"మలుపు దగ్గర చెరుకు బళ్ళవాళ్ళందరూ చూస్తండగా, నా పాపం సైకిలెక్కి కూచున్నట్టు నడిపించుకొచ్చేనురా!"

"తప్పమ్మా. కొట్టు. పంపుతో కొట్టు. అదిగో అక్కడుంది. ఏడుస్తన్నావా అమ్మా?"

"లేదు."

"కొట్టినా పర్లేదు గానీ అలా ఉండకమ్మా. ముసలమ్మ ఇప్పుడు నీళ్ళు కాసుకుని కూచునుంటాది. మావయ్య వాళ్ళక్క చెప్పింది."

"ఏ నీళ్ళు?"

"వేపాకు నీళ్ళు సెల్లెమ్మా. ప్రతి శుక్రవారం కాస్తాదంట. సల్లారితే మళ్ళీ కాస్తాదంట. నువ్వొస్తావని."

"ఇన్ని వారాలూనా?"

"ఇన్ని వారాలూను."

"...అన్నయ్యా, ట్యూబుకెంతసేపు?"

"పది నిముషాలు."

"బిగించు."

"మరి కిట్టు? కొత్తదా, దీనికే బిగించడమా, సంఘం వాళ్ళకేటి సెప్పమంటావు?"

"అది ఆదివారం చూద్దాం. ఇవాళ చక్రం తిరిగితే చాలు. ఒరే, లే."

"ఎక్కడికమ్మా?"

"నువ్వు తొక్కు. నేను వెనక కూచుంటాను."

"గోవాడ దాకానా? నిన్నెక్కించుకునా? అమ్మా, నీకు తెలియనిదేం కాదు, దీని ఫ్రేము అంత గట్టిది కాదు..."

"ఫ్రేము రాయిరా. నేను సెప్పేనా లేదా?"

"మావయ్యా, నువ్వు ఊరుకోవా?"

"అక్కడికెళ్ళేక కాలు నువ్వు కడుగుతావు. నేను పక్కనుండి చూపిస్తాను."

"అమ్మా!"

"ముక్కు మూసుకోడానికి వీల్లేదు. ముసలమ్మ చూస్తాది."

"సరే. ఎన్ని వారాలు?"

"నువ్వెన్ని వారాలాపేవో అన్ని వారాలు."

"నాలుగు."

"ఒరే, ఇప్పుడు కూడానా? ఐదు."

"నాలుగే మావయ్యా. నువ్వే లెక్కెట్టించేవు కదా, నాలుగతుకులు."

"మా అక్క ఐదంది. ఐదు శుక్రవారాలు ముసిల్ది అరుగు మీద కూకుందంట. సేతి ఏళ్ళు మడిచి లెక్కెట్టి మరీ సెప్పింది. ఇంకొకటి ఎక్కడ దాసేవు?"

"ఎక్కడా దాయలేదు. ఒట్టు. అమ్మ మీదొట్టు. మొదటిది నేను కాదు. మొదటిసారి నిజంగానే పంచరైంది. అమ్మ ఇంటికి నడిపించుకొచ్చింది. అప్పుడు నాన్న అన్నాడు, ఇంకోసారి ఇలాగైతే సంఘంలో అడిగి కొత్తది కొనిపిద్దామని. ఆ ఇంకోసారి నేను చేసేను. తర్వాతవీ నేనే. మొదటిది మాత్రం కాదు."

"సూడు, తల్లి మీద ఒట్టేసి మరీ అబద్ధం! మొదటిది పంచరైతే నా కాడికి ఎందుకు రాలేదు? అతుకేది?"

"నాకేం తెల్సు? నిజం చెప్తే నమ్మరేటి మావయ్యా! జీవితంలో మొదటిసారి చెప్తన్నాను, ఇప్పుడే నమ్మవా?"

"వదిలెయ్యన్నయ్యా. నాలుగే అంటన్నాడు కదా."

"వదలడమేటి సెల్లెమ్మా. సగం ఒప్పుకుని సగం దాస్తే అది ఒప్పుకోడమా? దగ్గరకి రారా, ఆ రెండో సెవి ఇటియ్యి."

"అమ్మా, చెప్పమ్మా మావయ్యకి! నాలుగే!"

"వాడి చెవి వదులన్నయ్యా."

"నిజం సెప్పేదాకా వదల్ను. మొదటిది ఎవరు సేసేర్రా?"

"వదులు. వాడు నిజమే చెప్తన్నాడు. మొదటి శుక్రవారం పంచరే అవలేదు. గోవాడ మలుపులో దిగి, ఎవరూ రావట్లేదని అటూ ఇటూ చూసి, ఆ గాలి నేనే తీసేను."